కార్డు మంచం మీదే ఉంది

దయ్యమనీ గాలి సోకిందనీ ఎవరన్నా మొదలుపెడితే అక్కణ్నుంచి లేచిపోయే రకం నేను. నల్గొండలో కంప్యూటర్లు రిపేరు చేసే షాపు నాది. మా లైన్లో ఏది చెడినా ఒక కారణం ఉంటుంది. వైరు వదులై ఉంటుంది, లేదా ఎవడో వెధవ కెలికి ఉంటాడు. కారణం దొరకలేదంటే వెతకడం మనకు చేతకాలేదనే అర్థం. ఇప్పటికీ నా నమ్మకం అదే. అందుకే ఈ సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఇది తొంభైల చివర్లో జరిగింది. మా అక్క సుజాతను మేళ్లచెరువుకు ఇచ్చాం. బావ నర్సింహ అక్కడ ఒక సిమెంటు ఫ్యాక్టరీలో డ్రాయింగ్ సెక్షన్లో పనిచేసేవాడు. తెలివిగలవాడే, కాదనను. కాకపోతే ఆ తెలివి లోకంలో తనొక్కడికే ఉందనుకునేవాడు. ఎదుటివాడు నోరు తెరిస్తే చాలు, మూతి ఒక పక్కకు తిప్పి నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు చెంప పగలగొట్టాలనిపించేది.

ఆయన కంప్యూటర్ నేనే బిగించి ఇచ్చాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకసారి హైదరాబాద్ పోయి, విండోస్ బదులు వాడే లినక్స్ అనే సిస్టమ్ సీడీ పట్టుకొచ్చి, నేను వేసిన విండోస్ మొత్తం చెరిపేశాడు. అప్పట్నుంచి మిషన్ మధ్యమధ్యలో ఆగిపోవడం మొదలైంది. దానికి ఆయన కనిపెట్టిన కారణం ఏమిటో తెలుసా? నేను పాత ర్యామ్ వేసి కొత్తదని చెప్పానట. ఆ మాట ఎక్కడన్నాడు? మా చిన్నాన్న కూతురి పెళ్లిలో, బంతిలో చుట్టాలందరూ తింటుండగా.

“గీ దుకాణపోడు సొంత అక్కకు సుత పాత మాల్ అంటగట్టిండు. ఇగ నా మిషన్ మీద వీని చెయ్యి పడొద్దు. ముట్టిండంటే మంచిగుండది.”

నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను. ఆ ర్యామ్ కొత్తదే. దాని కవరు నా చేత్తో నేనే చింపాను. ఆ రోజు నుంచి ఆయనతో నాకు మాటల్లేవు. అక్క ఎన్నోసార్లు మమ్మల్ని కలపాలని చూసింది. ఆయన దిగిరాలేదు, నేనెందుకు దిగుతాను?

తర్వాత తెలిసింది, బావ ఆ మిషన్లో ఫ్యాక్టరీ వాళ్ల సున్నపురాయి గనిని గీస్తున్నాడని. గని అంటే మెట్లు మెట్లుగా కిందికి దిగే పెద్ద గొయ్యి. సర్వే చేసిన ఎత్తులూ లోతులూ అన్నీ మిషన్లోకి ఎక్కిస్తే, తెర మీద ఆ గొయ్యిని గుండ్రంగా తిప్పుతూ ఏ పక్కనుంచైనా చూడొచ్చు. ఎక్కడ పేల్చాలో, ఎక్కడ పేలిస్తే కట్ట కూలుతుందో కుర్చీలో కూర్చునే చెప్పొచ్చు. ఆయన ఎత్తులు చదువుతుంటే అక్క పక్కన కూర్చుని టైపు చేసేది. తను ఇంటర్ చదివింది, చెయ్యి చురుకు.

బొమ్మ అలా తిరగడం మామూలు కంప్యూటర్ వల్ల అయ్యే పని కాదు. ఆ లెక్కలు చెయ్యడానికే విడిగా ఒక కార్డు బిగించాలి. బావ అది తనే కొనుక్కొచ్చి బిగించుకున్నాడు. లినక్స్‌లో ఆ కార్డును పలికించడానికి మాడ్యూల్ అనే ప్రోగ్రాం ముక్క ఒకటి ఉంటుంది. సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కు ఆ ముక్కను తగిలిస్తేనే కార్డు పని చేస్తుంది. కార్డే లేకపోతే ఆ ముక్క తగలదు, కార్డు కనబడలేదని చెప్పి ఊరుకుంటుంది. ఇంతవరకు తెలిస్తే చాలు, మిగతాదంతా మా గొడవే.

బొమ్మ సిద్ధమైందని బావ సెక్షన్ సార్‌కు చెప్పాడు. చూపించేలోపే హుజూర్‌నగర్ రోడ్డు మీద ఆయన స్కూటర్‌ను లారీ గుద్దింది. దవాఖానకు చేరకముందే ప్రాణం పోయింది. ఆయనంటే నాకు పడదు గానీ, అక్కను ఆ రోజు చూడలేకపోయాను.

మా దిక్కు మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, కాల్చిన చోట విస్తట్లో పెట్టి, కాకి కోసం దూరంగా నిలబడతారు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందన్నమాట. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఫలానాది మేం చూసుకుంటాం అని పైకి మాట ఇస్తారు. ఆయన కోరుకున్న మాట పడితే కాకి దిగుతుందంటారు.

ఆ రోజు కోడికూర పెట్టారు, మందు పోశారు, సిగరెట్ వెలిగించి పెట్టారు. కాకులేమో తుమ్మచెట్టు మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాయి. అక్కవాళ్ల అత్త ఏడ్చుకుంటూ ముందుకు పోయింది. “కొడుకా, నీ బిడ్డను నేను సాదుత, తిను కొడుకా.” కాకి కదల్లేదు. అప్పులు తీరుస్తామని ఒకరు, బిడ్డను చదివిస్తామని ఒకరు అన్నారు. ఒక్క కాకీ ఉలకలేదు పలకలేదు. ఎండ నెత్తి మాడుస్తోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

“కాకికి ఆకలి లేకపోతే మనమేం జేస్తం, నడువుండ్రి ఇంటికి” అనేసి, బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను. అందరూ నన్ను తిట్టుకున్నారు. తర్వాత ఇంటికొచ్చి కాకి ముట్టిందని చెప్పారు. పరువు కోసం చెప్తున్నారులే అనుకున్నాను.

దినాలు అయిపోయాక సెక్షన్ సార్ ఇంటికొచ్చాడట. హైదరాబాద్ నుంచి పెద్ద సార్ సోమవారం వస్తున్నాడనీ, నర్సింహ చేసిన బొమ్మ తిరుగుతున్నట్టు చూపిస్తే, ఆ పని తెలిసిన మనిషిగా అక్కకు అదే సెక్షన్లో ఉద్యోగం ఇప్పిస్తాననీ చెప్పాడు. తిరగకపోతే మాత్రం ఆ కుర్చీ కోసం ఇంకెవరిదో బావమరిది కాచుకుని ఉన్నాడు. అక్కకు భూమి లేదు, జాగా లేదు. కిరాయి ఇల్లు, చిన్న పాప, ముసలి అత్త. ఆ ఉద్యోగం రాకపోతే పిల్లను చంకనేసుకుని మా వదినల చేతి కిందికి రావాల్సిందే. మా వదినల సంగతి నాకంటే అక్కకే బాగా తెలుసు.

అక్క ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసింది. “ఆయిన పోయిన కాన్నుంచి గా మిషన్ నడుస్తలేదు తమ్మీ. బొమ్మ మొదలువెడితే తెర నల్లగైతాంది. జర రా తమ్మీ, గిది నడవకపోతే నా బతుకు ఆగమైతది.”

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. ముందు గదిలో మిషన్ మీద దుప్పటి కప్పి ఉంది. గోడకు బావ ఫొటో తగిలించారు. ఫొటోలో కూడా అదే వంకర నవ్వు. పక్కింటి ఖాజా భాయ్ స్టెబిలైజర్ తెచ్చి పెట్టాడు. ఆయనది కరెంటు సామాన్ల దుకాణం, బావకు మంచి దోస్తు. నేనేం చేస్తానో చూస్తానని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన అక్కడ ఉండటమే మంచిదైంది, లేకపోతే ఇదంతా నేను కల్పించానంటారు.

మిషన్ ఆన్ చేశాను. అక్షరాలన్నీ బాగానే వచ్చాయి. బొమ్మ ప్రోగ్రాం మొదలుపెట్టగానే తెర నల్లబడింది, కీబోర్డు చచ్చిపోయింది. రీసెట్ నొక్కి మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి ఏ ప్రోగ్రామూ నడవకుండా, కేవలం సిస్టమ్ ఒక్కటే లేచేలా చేసి మాడ్యూళ్ల పట్టిక చూశాను. కార్డు మాడ్యూల్ పక్కన, దాన్ని ఇప్పుడు ఎందరు వాడుతున్నారో చెప్పే అంకె ఉంటుంది. అక్కడ ఒకటి అని ఉంది.

ఎవరు వాడుతున్నారు? నేనింకా ఏదీ మొదలుపెట్టనే లేదు. మాడ్యూల్‌ను పీకెయ్యమని కమాండ్ ఇచ్చాను. వాడుకలో ఉంది, కుదరదని వచ్చింది. ఏ ప్రోగ్రాం పట్టుకుందో వెతికాను. ఏదీ లేదు. మళ్లీ పీకమన్నాను. మళ్లీ అదే జవాబు. లెక్క తప్పి ఆ అంకె అలా మిగిలిపోవడం కొత్తేమీ కాదు, మా లైన్లో ఎవరినడిగినా చెప్తారు. కాబట్టి నేనేం భయపడలేదు. చిరాకు పడ్డానంతే.

బావ దగ్గరున్న సీడీలోంచి అసలు ప్రోగ్రాం తీసి, మాడ్యూల్‌ను కొత్తగా తయారు చేశాను. అది తయారవుతున్నంతసేపూ తెర మీద వరసలు పాకుతూనే ఉన్నాయి. అక్క జొన్నరొట్టె పెట్టింది. ఒక చేత్తో తింటూ తెర చూస్తూ కూర్చున్నాను. అత్త గడపలో కూర్చుని నన్నే గుడ్లురిమి చూస్తోంది. కొడుకు వద్దన్నవాణ్ని కోడలు ఇంట్లోకి తెచ్చిందని ఆమె మంట. తెచ్చుకున్నది మీరే కదా, నాకేమన్నా సరదానా?

కొత్త మాడ్యూల్ తగిలించాను. మిషన్ ఆపి, మళ్లీ లేపి చూశాను. పక్కన మళ్లీ ఒకటి.

ఇక లాభం లేదని మిషన్ ఆపేసి, వైర్లు పీకి, డబ్బా విప్పి, ఆ కార్డు బయటికి లాగాను. పెన్సిల్ రబ్బరుతో దాని బంగారు పళ్లు రుద్దాను. మా దగ్గర సగం జబ్బులకు అదే మందు. మంచం మీద పేపరు పరిచి, కార్డు దాని మీద పెట్టాను. తిరిగి బిగించేముందు, కార్డు లేకుండా మిషన్ మంచిగుందో లేదో చూద్దామని, తెర వైరును, మిషన్‌తో పాటే వచ్చిన, అక్షరాలు మాత్రం చూపించే పాత మామూలు కార్డుకు తగిలించి ఆన్ చేశాను.

పట్టిక చూశాను. కార్డు మాడ్యూల్ ఉంది. దాని పక్కన ఒకటి అని ఉంది.

కార్డు లేనప్పుడు ఆ ముక్క తగలకూడదు. తగలడానికి అక్కడేముంది? ఖాజా భాయ్‌ను పిలిచాను. “భాయ్, గా మంచం మీదున్నది ఏంది?”

“కార్డ్ కదా భాయ్, నువ్వే కదా తీసినవ్.”

“డబ్బాల సూడు. ఇంకోటి గిట్లాంటిది ఉన్నదా?”

ఆయన టార్చిలైటు వేసి వంగి చూశాడు. ఖాళీ గాడి కనబడుతోంది, లోపల దుమ్ము కూడా కనబడుతోంది. “లేదు భాయ్. ఖాళీగున్నది.”

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పీకెయ్యమని కమాండ్ కొట్టాను. వాడుకలో ఉంది అంది. మళ్లీ కొట్టాను, అదే మాట. బలవంతంగా తీసే కమాండ్ కొట్టాను. అప్పుడు తెర మొత్తం నల్లబడి, మూలన కర్సర్ మాత్రం మినుకుమినుకుమంటూ ఉండిపోయింది. ఏ కీ నొక్కినా పడదు. రీసెట్ బటన్ నొక్కినా వినలేదు. రీసెట్ అనేది ప్రోగ్రాంతో సంబంధం లేని తీగ, దానికి మొండికెయ్యడం తెలియదు. అది కూడా పని చెయ్యలేదు.

నేను డబ్బా మీద అరచేత్తో ఒక్కటిచ్చాను. ఫొటో వైపు తిరిగి నోటికొచ్చినట్టు తిట్టాను. “సచ్చినా నీ పొగరు పోలేదా? నీ పెండ్లాం బతుకు ఆగమైతాంది, గది సుత కనబడ్తలేదా నీకు?” అత్త లేచి వచ్చి శాపనార్థాలు మొదలుపెట్టింది. నేనూ తగ్గలేదు. ఖాజా భాయ్ మధ్యలోకి రాకపోతే ఏమయ్యేదో.

అప్పుడు అక్క వంటింట్లోంచి వచ్చింది. “నువ్వు లెవ్వు తమ్మీ” అంది. లేచాను. తను కుర్చీలో కూర్చోలేదు, కీబోర్డు ముట్టలేదు. కొంగు తల మీదికి లాక్కుని, మూడో రోజు విస్తరి ముందు నిలబడ్డట్టే ఆ నల్లటి తెర ముందు నిలబడింది.

“ఇంటున్నవా?” అంది. “పిల్లను సదివిస్త. నువ్వన్నట్టే ఇంజినీర్ను జేస్త.” కర్సర్ మినుకుమంటూనే ఉంది. “అత్తమ్మను ఇడిసిపెట్టి యాడికి పోను. నా తల్లిగారింటికి సుత పోను.” ఏమీ లేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెరకు మొక్కులేంది నా బొంద, అని నోటిదాకా వచ్చింది.

అక్క నా వైపు తిరిగి చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందులో కోపం లేదు, జాలి ఉంది. మళ్లీ తెర వైపు తిరిగింది.

“నా తమ్ముడు ఇగ నీ మిషన్ ముట్టడు. ఎన్నటికీ ముట్టనియ్య. ఇది నా జిమ్మ, నా మాట.”

గని వచ్చింది. తెర నిండా మెట్లు మెట్లుగా ఆ తెల్లటి గొయ్యి వచ్చి, నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. తడబాటు లేదు, ఆగడం లేదు. నేను గడప దగ్గర నిలబడి మంచం వైపు చూశాను. కార్డు పేపరు మీదే ఉంది. ఖాజా భాయ్ “యా అల్లా” అని లేచి నిలబడ్డాడు. అత్త నేల మీద కూలబడి కొడుకును పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. అక్క మాత్రం ఏడవలేదు. కుర్చీలో కూర్చుని, బాణం గుర్తు కీ నొక్కింది. బొమ్మ ఆమె చెప్పినట్టు తిరిగింది.

నేను ఒక అడుగు ముందుకు వేశాను, కార్డు తిరిగి బిగిద్దామని. అలా వదిలేస్తే రేపు పెద్ద సార్ ముందు ఆగిపోతే? అక్క చెయ్యి అడ్డం పెట్టింది. “వద్దు తమ్మీ. మాటిచ్చిన.”

ఆ కార్డును ఖాజా భాయ్ పేపర్లో చుట్టి తన దుకాణంలో దాచాడు. సోమవారం పెద్ద సార్ వచ్చాడు. నేను బయట ఖాజా భాయ్ దుకాణం మెట్ల మీద కూర్చున్నాను. చేతులు కట్టేసినట్టుంది నాకు. ఏ క్షణంలో అక్క బయటికొచ్చి తల కొట్టుకుంటుందోనని ఒకటే గుబులు. ఆ సార్ బయటికొచ్చినప్పుడు నవ్వుతున్నాడు. ఇంత సాఫీగా తిరిగే బొమ్మ హైదరాబాద్‌లో కూడా చూడలేదని సెక్షన్ సార్‌తో అంటూ జీపెక్కాడు. అది ఏ కార్డు మీద నడుస్తోందో ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అక్కకు ఉద్యోగం వచ్చింది.

సాయంత్రం బస్సు కోసం బయల్దేరుతుంటే అక్క వీధి చివరిదాకా వచ్చింది. ఏదో చెప్పాలని నీళ్లు నములుతోంది. చివరికి చెప్పింది.

“గానాడు పిట్టకు పెట్టినప్పుడు నువ్వు కోపానికొచ్చి పోయినవ్ సూడు. నీ బండి మూల మలిగిందో లేదో, కాకులన్నీ ఒక్కపారే దిగినయ్ తమ్మీ. అందరు సూసిండ్రు. నువ్వు మనసుల వెట్టుకుంటవని, నువ్వు పోయినంకనే దిగినయని ఎవ్వరం చెప్పలే.”

“మరి తెలిసి తెలిసి నన్నెందుకు పిలిచినవ్?”

“ఇంకెవ్వరున్నరు నాకు?” అంది.

నేను బస్సెక్కాను. హుజూర్‌నగర్ దాకా పళ్లు కొరుకుతూనే ఉన్నాను.

తర్వాత ఈ లినక్స్ తెలిసినవాళ్లను హైదరాబాద్‌లో చాలామందిని అడిగాను. కార్డు లేకపోయినా కంప్యూటరే ఆ లెక్కలు చేసుకుని ఉంటుందని ఒకాయన అన్నాడు. చేస్తే చెయ్యొచ్చు, కానీ ఆ పాత మిషన్లో అలా చేస్తే బొమ్మ ఈడ్చుకుంటూ కదులుతుంది. పైగా బావ రాసిన ప్రోగ్రాం కార్డు లేకపోతే మొదలే కాదు. నేను కొట్టిన కమాండ్ల గందరగోళంలో ఆ ప్రోగ్రామే దానంతటది మొదలై ఉంటుందని ఇంకొకాయన అన్నాడు. సరే, మరి మాడ్యూల్ దేనికి తగిలింది, ఆ ఒకటి అనే అంకె ఎవరిదని అడిగాను. టీ తాగి లేచిపోయాడు. కార్డే చెడిపోయి ఉంటుందనుకున్నారా? ఖాజా భాయ్ దగ్గర్నుంచి తెచ్చి నా షాపులో వేరే మిషన్‌కు బిగించాను. మొదటిసారికే లేచింది, చక్కగా పని చేసింది.

అక్క ఆ మిషన్‌ను చాలాకాలం వాడింది. వాడినన్నాళ్లూ అందులో కార్డు లేదు. నేను ఆ గదిలోకి వెళ్తే బొమ్మ ఆగిపోయేదా? తెలియదు. నేనెప్పుడూ వెళ్లలేదు. వెళ్లి చూడమని లోపల ఒకడు పోరు పెడుతూనే ఉండేవాడు, కానీ అక్క మాటిచ్చింది. ఆ మాట పోతే పోయేది నా ఉద్యోగం కాదు, తనది.

ఏటా బావ పోయిన రోజున పిట్టకు పెడతారు. నేను తప్పకుండా వెళ్తాను. ఖాజా భాయ్ దుకాణం మెట్ల మీద కూర్చుంటాను. కాకి ముట్టిందని పాప పరుగెత్తుకొచ్చి చెప్పాకే లేచి, ముందు గది తొక్కకుండా పెరటి దిక్కు నుంచి ఇంట్లోకి పోయి భోంచేస్తాను. ఇదంతా ఎందుకు చేస్తున్నానో నాకే తెలియదు. నేను దయ్యాలను నమ్మను. అయినా మెట్ల మీద కూర్చున్నంతసేపూ ఆ తుమ్మచెట్టు దిక్కు చూస్తూ, ప్రతి ఏడూ ఒకే మాట చెప్తుంటాను.

ఆ ర్యామ్ కొత్తదే బావా. కవరు నేనే చింపిన.